తిట్టిందీ అభిమానులే, నెత్తిన పెట్టుకున్నదీ అభిమానులే

(రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? వినపడితే చేతులెత్తండి. మంచిది. ఎత్తినవాళ్ళు ఒక్క నిమిషం దించకండి. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ చూసినవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. ఆఁ, సగం మంది ఉన్నారు. అందులో 2005 నుంచి వచ్చినవి కాకుండా అంతకుముందు పాతవి చూసినవాళ్ళు? నలుగురు. సరే, ఈ గంట ఆ నలుగురి కోసం కాదు, మిగతావాళ్ళ కోసం. ఆ నలుగురూ నేనెక్కడ తప్పు చెబుతానా అని కాచుకుని కూర్చోండి.

ఈరోజు మాట్లాడుకునేది ఒక్క కథ గురించి. పేరు ‘ది డెడ్లీ అసాసిన్’. బీబీసీలో 1976 అక్టోబరు 30న మొదలైంది, నవంబరు 20న అయిపోయింది. నాలుగు శనివారాలు, నాలుగు భాగాలు, భాగానికి 25 నిమిషాలు. అంటే మొత్తం గంటా నలభై నిమిషాలు. ఈ గంటా నలభై నిమిషాల మీద యాభై ఏళ్ళుగా అభిమానులు తగువులాడుకుంటూనే ఉన్నారు. వచ్చిన కొత్తలో ఈ సీరియల్‌ని ప్రాణప్రదంగా చూసుకునే అభిమానులే దీన్ని తిట్టిపోశారు. పదిహేను, ఇరవై ఏళ్ళు గడిచేసరికి అదే అభిమాన లోకం దీన్ని మొత్తం సీరియల్‌లోనే గొప్ప కథల్లో ఒకటిగా లెక్కవేయడం మొదలుపెట్టింది. కథ మారలేదు కదా? అవే నాలుగు భాగాలు, అదే నటుడు టామ్ బేకర్, అవే మాటలు. మరి ఏం మారింది?

మామూలుగా చెప్పే జవాబు ఒకటుంది. కాలానికంటే ముందొచ్చిన కథ, జనానికి అర్థం కాలేదు అని. ఆ జవాబు నాకు నచ్చదు. అర్థం కాకపోవడం కాదు, బాగానే అర్థమైంది. అర్థమయ్యే తిట్టారు. మారింది కథా కాదు, తెలివీ కాదు. చూసే పద్ధతి మారింది. ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకునే రోజుల్లో వచ్చిన స్పందన ఒకటి, క్యాసెట్టు పెట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసే రోజుల్లో వచ్చిన స్పందన ఇంకొకటి. ఈ గంటా ఇదే చెబుతాను, మళ్ళీ మళ్ళీ ఇదే చెబుతాను, విసుక్కోకండి.

సీరియల్ తెలియనివాళ్ళకి రెండు మాటలు. 1963 నవంబరు 23న మొదలైంది. డాక్టర్ అనే ఆయన మనిషిలా కనిపిస్తాడు కానీ మనిషి కాదు, టైమ్ లార్డ్స్ అనే జాతివాడు. పాత బ్రిటన్ వీధుల్లో ఉండే నీలం రంగు పోలీసు ఫోను గదిలాంటి కాలయంత్రంలో తిరుగుతుంటాడు. చావు దగ్గరికొచ్చినప్పుడు ఒళ్ళు మొత్తం మారిపోయి వేరే మనిషిగా లేస్తాడు, అంటే నటుడు మారతాడన్నమాట. మన కథ నాటికి నాలుగో డాక్టర్ నడుస్తున్నాడు, టామ్ బేకర్. మొదటి ఆరేళ్ళూ ఈ డాక్టర్ ఎక్కణ్ణుంచి వచ్చాడో సరిగ్గా చెప్పలేదు. టైమ్ లార్డ్స్ అన్న మాట మొదటిసారి వినపడింది 1969లో, ‘ది వార్ గేమ్స్’ అనే పది భాగాల కథలో. అది నలుపు తెలుపు కాలం.

ఆ కథ చివరి భాగం ఒకసారి ఊహించుకోండి. అప్పటిదాకా దేనికీ భయపడని డాక్టర్ తన జాతివాళ్ళ పేరెత్తగానే వణికిపోతాడు. ముగ్గురు టైమ్ లార్డ్స్ వస్తారు. సాదా అంగీలు, ముఖాల్లో ఏ భావమూ ఉండదు, గొంతు పెంచరు. శత్రువు చుట్టూ చెయ్యి కూడా కదపకుండా కంచె కట్టేస్తారు. వాణ్ణి అసలు పుట్టనేలేదన్నట్టు కాలంలోంచి చెరిపేస్తారు. డాక్టర్‌తో తిరిగిన ఇద్దరు స్నేహితుల జ్ఞాపకాలు తుడిచేసి ఇంటికి పంపేస్తారు. డాక్టర్‌కి రూపం మార్చి భూమి మీదికి వెళ్ళగొడతారు. దేవతలు అన్నమాట. చల్లటి, దయలేని దేవతలు.

ఇప్పుడు 1976కి రండి. రాసింది రాబర్ట్ హోమ్స్. ఆయనే ఆ సీరియల్‌కి స్క్రిప్ట్ ఎడిటర్ కూడా. నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్. దర్శకుడు డేవిడ్ మలోనీ. ‘ది వార్ గేమ్స్’ తీసింది కూడా ఈ మలోనీయే, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. డాక్టర్ వెంట ఎప్పుడూ ఒక తోడు మనిషి ఉండాలన్నది ఈ సీరియల్ ఆనవాయితీ. ఆ తోడు వేషం వేస్తున్న ఎలిజబెత్ స్లాడెన్ అంతకు ముందు కథతోనే వెళ్ళిపోయింది. తోడు లేకుండా ఒక కథ చేద్దామని బేకర్‌కి మనసు. అలా డాక్టర్ ఒంటరిగా సొంత గ్రహానికి, గాలిఫ్రేకి వెళతాడు.

వెళితే అక్కడ ఏం కనపడుతుంది? దేవతలు కాదు. ముసలి ప్రొఫెసర్లు! కాళ్ళు లాగుతున్నాయని, పాత బడి స్నేహితులు ఏమయ్యారని కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్ళు. అధ్యక్షుడు పదవి దిగిపోతున్నాడు, తర్వాత ఎవరు అన్నదే అందరి ధ్యాస. రన్సిబుల్ అని ఒకడు మైకు పట్టుకుని ఆ వేడుకకి టీవీ వ్యాఖ్యానం చెబుతుంటాడు, అచ్చం మన ప్రమాణ స్వీకారాలకి చెప్పినట్టు. అధ్యక్షుణ్ణి ఎవరో కాల్చేస్తారు, తుపాకీ డాక్టర్ చేతిలో ఉంటుంది, దొరికిపోతాడు. ఉరికంబం తప్పించుకోవడానికి ఏం చేస్తాడు? తను కూడా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానంటాడు, పదిహేడో నిబంధన కింద పోటీదారుడికి రక్షణ ఉందంటాడు. నవ్వుతున్నారు కదా? ఆ రోజుల్లో కూడా నవ్వేవాళ్ళు నవ్వారు. అభిమానులు మాత్రం నవ్వలేదు.

చివరికి అసలు హంతకుడు ఛాన్సలర్ గాథ్ అని తేలుతుంది. వాడి వెనకున్నది మాస్టర్, డాక్టర్‌కి పాత శత్రువు. గాథ్ చచ్చాక బొరూసా అనే పెద్దమనిషి ఏం చేస్తాడో చూడండి. జనానికి నిజం చెబితే నమ్మకం పోతుందని, గాథ్ వీరుడిగా పోరాడి చనిపోయాడని ప్రకటించేద్దాం అంటాడు. నిజాన్ని కాస్త సర్దుబాటు చేద్దాం అంటాడు. డాక్టర్‌కి చదువు చెప్పిన గురువు ఆయన! దేవతల్లాంటి జాతి అనుకున్నది కాస్తా ఫైళ్ళు దిద్దుకునే సెక్రటేరియట్ అయి కూర్చుంది.

అభిమానుల అభ్యంతరాలు

1976లోనే ‘డాక్టర్ హూ అప్రీసియేషన్ సొసైటీ’ పుట్టింది. ‘టార్డిస్’ అని వాళ్ళకొక పత్రిక. ఆ సంఘం అధ్యక్షుడే ఈ కథ మీద ఒక సమీక్ష రాశాడు. అభిమానుల చరిత్రలో బహుశా ఇంత పేరు మోసిన సమీక్ష ఇంకొకటి లేదు. ఈ సీరియల్‌లో ఉన్న మాయ అంతా ఏమైపోయిందని వాపోయాడు ఆయన. దాన్ని ఇప్పుడు ఎగతాళి చేయడం తేలిక. చాలామంది చేశారు కూడా. నేను చేయను. ఆ తరహా అభ్యంతరాలు ఒక్కొక్కటే తీసి చూస్తే అవి కోపంతో అన్నవి కావు, లెక్క కట్టి అన్నవి.

మొదటిది చావు లెక్క. ‘ది వార్ గేమ్స్’లో డాక్టర్ స్వయంగా చెబుతాడు, ప్రమాదాలు జరక్కపోతే మేము ఎప్పటికీ బతుకుతాం అని. ‘ది డెడ్లీ అసాసిన్’లో ఎంజిన్ అనే రికార్డుల అధికారి ఏమంటాడు? పన్నెండుసార్లు ఒళ్ళు మారాక ఇక చావు తప్పించే ఉపాయం లేదంటాడు. ఎప్పటికీ ఎక్కడ, పన్నెండు ఎక్కడ? పొంతన ఉందా? లేదు. హోమ్స్‌కి ఈ పన్నెండు ఎందుకు కావాల్సి వచ్చిందంటే, మాస్టర్‌కి ఒక తెగింపు కావాలి. మాస్టర్ వేషం వేసిన రోజర్ డెల్గాడో 1973లో టర్కీలో కారు ప్రమాదంలో పోయాడు. మూడేళ్ళ తర్వాత ఆ పాత్రని తిరిగి తేవాలి, డెల్గాడోని తలపించకుండా తేవాలి. అందుకని మాంసం కుళ్ళి, కళ్ళు ఉబ్బి, పన్నెండు మార్పులూ వాడేసుకుని చావు అంచున ఉన్న మాస్టర్‌ని తెచ్చాడు, పీటర్ ప్రాట్ వేశాడు. కథకి అవసరమైన అంకె అది. కథ అయిపోయింది, అంకె మిగిలిపోయింది.

రెండోది మూలపురుషుడు ఎవరన్నది. 1972–73లో వచ్చిన ‘ది త్రీ డాక్టర్స్’లో టైమ్ లార్డ్స్‌కి కాలంలో తిరిగే శక్తి ఇచ్చింది ఒమేగా అనే ఆయన. నాలుగేళ్ళు తిరక్కుండా ఇక్కడ ఒమేగా ఊసే లేదు. రాసిలాన్ అట, ఆయన పట్టీ, ఆయన తాళంచెవి, సభామందిరం కింద ఆయన దాచిన నల్లబిలం. రాసిలాన్ అన్న పేరు మొదటిసారి వినపడింది ఇక్కడే. కొత్తవాళ్ళకి ఇదొక పెద్ద తప్పుగా తోచకపోవచ్చు. కానీ మీరే చెప్పండి, పురాణంలో గంగని తెచ్చింది భగీరథుడని పదేళ్ళు విన్నాక ఒకడొచ్చి కాదు ఇంకెవరో అంటే ఊరుకుంటారా?

మూడోది, నాకు బాగా ఇష్టమైనది, గాథ్ ముఖం. గాథ్ వేషం వేసిన బెర్నార్డ్ హార్స్‌ఫాల్ ‘ది వార్ గేమ్స్’లో కూడా ఉన్నాడు. ఎవరుగా? డాక్టర్‌కి శిక్ష వేసిన ఆ ముగ్గురు టైమ్ లార్డ్స్‌లో ఒకడిగా! మలోనీకి నచ్చిన నటుడు, 1968లో ఒకసారి, 1969లో ఒకసారి, 1973లో ఒకసారి, మళ్ళీ 1976లో పిలిచి వేషం ఇచ్చాడు. దర్శకుడి దృష్టిలో అంతే సంగతి. అభిమానుల దృష్టిలో? ఆ న్యాయమూర్తీ ఈ హంతకుడూ ఒకడేనా? ఒకడే అయితే ఆనాటి తీర్పు వెనక కూడా ఏదో కుట్ర ఉందా? దీని మీద ఎంత వాదన నడిచిందో చెప్పలేను. చూడండి, ఇక్కడ అభిమాని చేస్తున్నది తప్పు పట్టడం ఒక్కటే కాదు, అతుకు వెయ్యడం కూడా. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే ఉత్తరంలో చేస్తాడు. స్పందన చదివేటప్పుడు మనం తిట్టు చదివేసి అతుకు వదిలేస్తాం, అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. 1976లో ఆ అభిమాని దేనితో పోల్చి చూస్తున్నాడు? ఏడేళ్ళ కిందట ఒక్కసారి, కేవలం ఒక్కసారి చూసిన భాగంతో. ఇంట్లో వీడియో రికార్డర్లు లేవు. అంటే, ఫిలిప్స్‌ది ఒకటి 1972 నుంచి ఉంది, కొనగలిగినవాళ్ళు ఎంతమంది? బ్రిటన్‌లో వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్టు వచ్చింది 1978లో. టీవీ ముందు మైకు పెట్టి మాటలు టేపు మీదికి ఎక్కించుకున్న అభిమానులు ఉన్నారు. బీబీసీ తొంభైకి పైగా భాగాల బొమ్మ పోగొట్టుకున్నా వాటి శబ్దం మాత్రం ఇప్పటికీ మనకి మిగిలింది ఆ పుణ్యాత్ముల వల్లే. ‘ది వార్ గేమ్స్’ బొమ్మ పోలేదు కానీ చూసే దారి లేదు. పోనీ పుస్తకం? ఆ కథ నవలగా వచ్చింది 1979లో. క్యాసెట్టుగా వచ్చింది 1990లో.

మన వారపత్రికల సీరియళ్ళు గుర్తున్నాయి కదా పెద్దవాళ్ళకి? ముందు వరసలో తలలూపుతున్నారు. వారం వారం పేజీలు చింపి, సీరియల్ అయిపోయాక కుట్టించి బైండు చేయించి బీరువాలో పెట్టుకునేవాళ్ళం. పదో వారం రాసింది ముప్పయ్యో వారంతో పొసగకపోతే బైండు తీసి పేజీ చూపించి రచయితకి ఉత్తరం రాయొచ్చు. టీవీకి ఆ బైండు లేదు. అభిమాని బుర్రే బైండు.

బుర్రలో ఉన్న బైండు ఏం చేస్తుంది? పేజీలు పెంచుతుంది. పదిహేనేళ్ళ వయసులో ఒకసారి చూసిన ఆ ముగ్గురు న్యాయమూర్తులు ఏడేళ్ళలో ఇంకా పొడుగయ్యారు, ఇంకా గంభీరమయ్యారు. వాళ్ళ పక్కన ఈ కాళ్ళ నొప్పుల పెద్దమనుషుల్ని నిలబెడితే ఎలా ఉంటుంది? అన్యాయంగా ఉంటుంది.

హోమ్స్ వాదన వేరు. ఆయన కూడా పాత కథలు చూసే రాశాడు. టైమ్ లార్డ్స్ మేం ఎవరి జోలికీ పోము అంటారు. అలా పోయాడనే డాక్టర్‌కి శిక్ష వేశారు. కానీ 1971 నుంచి చూడండి, తమకి పని పడ్డప్పుడల్లా అదే డాక్టర్‌ని పంపిస్తూనే ఉన్నారు. 1975లో డాలెక్‌లు అనే శత్రుజాతి పుట్టకుండా ఆపమని పంపించింది ఎవరు? వీళ్ళే. బయటికొక మాట, లోపలొక పని. అలాంటి జాతిలో ఒక రహస్య విభాగం ఉండి తీరాలి కదా? అందుకే హోమ్స్ ‘సెలెస్టియల్ ఇంటర్వెన్షన్ ఏజెన్సీ’ అని పెట్టాడు. మొదటి అక్షరాలు కలిపి చదవండి. సీఐఏ! డాక్టర్ శిక్ష రద్దయింది వాళ్ళ సిఫార్సు మీదేనని స్పాండ్రెల్ అనే భద్రతాధికారి రికార్డు చదివి చెబుతాడు. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంతో అంతకు ముందు ఐదేళ్ళ కథలకి లెక్క సరిపోయింది. ఈ వాక్యం 1976లో శనివారం సాయంత్రం టీ తాగుతూ చూసేవాడికి చెవిన పడిందా? పడి ఉండొచ్చు, అరక్షణం. క్యాసెట్టు వచ్చాక అదే వాక్యం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, పాత కథలు పక్కన పెట్టుకుని చూశారు. అప్పుడు తెలిసింది, పాత టైమ్ లార్డ్స్ కూడా అంత మహానుభావులేం కాదని.

అంటే 1976 అభిమాని తప్పు, 1990 అభిమాని ఒప్పు అంటున్నానా? అనట్లేదు. పన్నెండు లెక్క అప్పుడూ పొసగలేదు, ఇప్పుడూ పొసగదు. ఎన్నిసార్లు తిప్పి చూసినా పొసగదు. కాకపోతే దాన్ని నేరంగా చూడటం మానేశారు, అంతే.

నీళ్ళ కింద ముఖం

ఇంకో స్పందన ఉంది, దాని దారి వేరు. మూడో భాగం, నవంబరు 13. దాదాపు భాగమంతా మాట్రిక్స్ లోపల జరుగుతుంది. అవును, అదే పేరు. చచ్చిపోయిన టైమ్ లార్డ్స్ జ్ఞాపకాలన్నీ దాచిన యంత్రం, డాక్టర్ మనసు అందులోకి వెళుతుంది. మీరు అనుకుంటున్న సినిమా వచ్చింది 1999లో, 23 ఏళ్ళ తర్వాత. లోపల గాథ్ మనసు వేటగాడిలా తరుముతుంది. స్టూడియోలో కాదు, సర్రేలో ఒక రాతి క్వారీ దగ్గర, బయట, ఫిల్ము మీద తీశారు. ఇసుక కింద అద్దంలో నవ్వే జోకరు, రైలు పట్టాల మధ్య ఇరుక్కున్న కాలు, గ్యాస్ మాస్కు తొడిగిన గుర్రం. మాటలు బహు తక్కువ. చివరికి బురద నీళ్ళలో గాథ్ డాక్టర్ తల పట్టుకుని ముంచుతాడు. నీళ్ళ కింద డాక్టర్ ముఖం. అక్కడ బొమ్మ ఆగిపోతుంది, ఫ్రీజ్. తర్వాత సంగీతం, పేర్లు. సశేషం.

గమనించండి, ఈ సీరియల్‌లో ప్రతి వారం చివరా ప్రాణాపాయమే. కొత్తేం లేదు. కొత్తదేమిటంటే ఆగిపోయిన బొమ్మ. కదిలే బొమ్మ అయితే పెనుగులాటలో ఉన్నాడు, తప్పించుకుంటాడు అనిపిస్తుంది. ఆగిన బొమ్మలో తప్పించుకునే కదలిక లేదు. టీవీలో హింస, అశ్లీలం వద్దని పోరాడుతూ ‘నేషనల్ వ్యూయర్స్ అండ్ లిజనర్స్ అసోసియేషన్’ పెట్టిన మేరీ వైట్‌హౌస్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. పిల్లవాడు వారం రోజులు ఆ ముఖాన్ని మనసులో పెట్టుకుని తిరగాలి కదా అన్నది ఆమె ఫిర్యాదు. ఆమె చెప్పే మిగతావాటితో నాకు పేచీ ఉంది, చాలా ఉంది, కానీ ఈ ఒక్క విషయంలో ఆ సన్నివేశం ఎలా పని చేస్తుందో అభిమానుల కంటే ఆమే బాగా గ్రహించింది.

ఫలితం ఏమైంది? బీబీసీ డైరెక్టర్ జనరల్ చార్లెస్ కరన్ జవాబిచ్చాడు, ఇంకొన్ని ఫ్రేములు తీసేసి ఉంటే బాగుండేదన్న అర్థంలో ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మూల టేపు మీదే ఆ ముగింపు కోసేశారు. నకలు మీద కాదు, అసలు మీద! 1977లో మళ్ళీ వేసినప్పటికి అది లేదు. పూర్తి ముగింపు తిరిగి దొరికింది, మొదటిసారి ప్రసారమైనప్పుడు రికార్డు చేసి ఉంచిన ఒక ప్రతి వల్ల. 2009లో వచ్చిన డీవీడీలో దాన్ని మళ్ళీ అతికించారు. హించ్‌క్లిఫ్ 1977 వసంతంతో ఆ సీరియల్ వదిలేశాడు, తర్వాత వచ్చిన గ్రాహం విలియమ్స్‌కి హింస తగ్గించమని పైనుంచి చెప్పారు. హించ్‌క్లిఫ్‌ని ఈ ఒక్క ఫిర్యాదే సాగనంపిందని కొందరు రాస్తారు. అది అతి. ఆమె అంతకుముందు కథల మీద కూడా ఫిర్యాదులు చేస్తూనే ఉంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. అభిమానుల సంఘం అధ్యక్షుడు పత్రికలో అంత ఘాటుగా రాశాడు, బీబీసీ ఒక్క ఫ్రేము మార్చిందా? లేదు. బయటినుంచి ఒకావిడ ఫిర్యాదు చేస్తే టేపు కోశారు. ప్రేమించేవాడి మాట కంటే మండిపడేవాళ్ళ మాట ఎక్కువ పని చేసింది. ఇందులో వింతేం లేదు. అభిమాని ఎంత తిట్టినా వచ్చే శనివారం కూర్చుని చూస్తాడని బీబీసీకి తెలుసు.

చూశారు కూడా. అంకెలు చెబుతాను. మొదటి భాగం 1 కోటి 18 లక్షలు. రెండోది 1 కోటి 21 లక్షలు. మూడోది 1 కోటి 30 లక్షలు. నాలుగోది మళ్ళీ 1 కోటి 18 లక్షలు. అభిమానులు ఛీకొట్టారని చెప్పే కథ ఇది! మూడో వారం దాకా జనం పెరుగుతూనే పోయారు. 1969లో ‘ది వార్ గేమ్స్’ చివరి భాగం చూసినవాళ్ళు సుమారు 50 లక్షలు. అంటే 1976లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా ఆ పాత న్యాయమూర్తుల్ని ఎప్పుడూ చూడనే లేదు. వాళ్ళకి ఏం చెడిపోయిందని? వాళ్ళకి టైమ్ లార్డ్స్ అంటే మొదటినుంచీ ఎత్తు కాలర్ల ముసలి పెద్దమనుషులే. ఆ ఎత్తు కాలర్లు రూపొందించినది జేమ్స్ ఆచసన్, తర్వాత సినిమాల్లో దుస్తులకి మూడు ఆస్కార్లు తీసుకున్నాడు. ఆ కాలర్లు ఎంత నిలిచిపోయాయంటే ఇవాళ గాలిఫ్రే అంటే చిన్నపిల్లలు కూడా అదే బొమ్మ గీస్తారు. పాతవాళ్ళు అపచారం అన్నది కొత్తవాళ్ళకి ఆచారమైపోయింది.

అందుకని ఇలాంటి పాత స్పందనలు సేకరించే పని మీలో ఎవరైనా చేస్తే, ఇక్కడ ఇద్దరు ముగ్గురు చేస్తున్నారని తెలుసు, కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ముందు తారీఖు చూడండి. మొదటి భాగం తర్వాత రాసిందా, నాలుగూ అయ్యాక రాసిందా? మొదటి భాగం చూసి రాసినవాడికి హంతకుడెవరో తెలియదు, గాథ్ ముఖం మీద వాదన అక్కడ ఉండదు. తర్వాత ఏ ప్రతి చూశాడన్నది. 1976 ప్రసారమా, 1977లో కోసి వేసిందా, నాలుగు భాగాలూ కలిపి సినిమాలా చేసిన విడియోనా? కలిపి చూసినవాడికి మూడో భాగం ముగింపు అంటూ ఏమీ లేదు, మధ్యలో వచ్చే ఒక పెనుగులాట అంతే. వాడు వైట్‌హౌస్‌ని వెక్కిరిస్తూ ఇందులో అంత ఏముంది అని రాస్తాడు. నిజమే, వాడు చూసినదాంట్లో ఏమీ లేదు! అలాంటి ఉత్తరాన్నీ 1976 ఉత్తరాన్నీ ఒకే పట్టికలో వేసి సగటు తీస్తే వచ్చేది చెత్త. ఇంకోటి, పేరు మోసిన ఒక్క సమీక్షని పట్టుకుని అభిమానులంతా ఇలాగే అనుకున్నారని రాయకండి. అది ఒక సంఘం గొంతు. అచ్చయింది కాబట్టి మిగిలింది. నచ్చి ఊరుకున్నవాడు ఉత్తరం రాయడు. ఇది మాత్రం ఏ కాలానికైనా చెల్లుతుంది.

చివరగా ఆ పన్నెండు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే తిట్టు పోయినా లెక్క పోలేదు. అభిమానులు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. పన్నెండు మార్పులు అంటే పదమూడు జన్మలు. 1983లో వచ్చిన ‘ది ఫైవ్ డాక్టర్స్’లో టైమ్ లార్డ్స్ మాస్టర్‌కి ఇంకో విడత మార్పులు ఇస్తామని ఆశ చూపిస్తారు. అంటే పన్నెండు చట్టమే కానీ, ఇచ్చేవాళ్ళు దయతలిస్తే సడలుతుంది. సరే. ఇక డాక్టర్ లెక్క. వేళ్ళు తీయండి. హార్ట్‌నెల్, ట్రౌటన్, పెర్ట్‌వీ, టామ్ బేకర్, డేవిసన్, కాలిన్ బేకర్, మెకాయ్, మెక్‌గాన్. ఎనిమిది. తర్వాత జాన్ హర్ట్ వేసిన యుద్ధకాలపు డాక్టర్, తొమ్మిది. ఎకల్‌స్టన్ పది. టెనంట్ పదకొండు. టెనంట్ 2008లో ఒకసారి మారబోయి ముఖం మార్చకుండా శక్తి ఖర్చుపెట్టేశాడు, అదీ లెక్కలోకి వస్తుంది, పన్నెండు. మాట్ స్మిత్ పదమూడు. ఇక లేదు. 2013 డిసెంబరు 25న క్రిస్మస్ కథలో ఈ లెక్కంతా పైకి చదివి మరీ, టైమ్ లార్డ్స్ చేత కొత్త విడత ఇప్పించారు. ఒక విలన్‌కి తెగింపు కావాలని 1976లో రాసిన ఒక్క వాక్యానికి 37 ఏళ్ళ తర్వాత ఇంకో రచయిత బాకీ తీర్చాడు. అప్పటి అభిమానులు ఈ అంకె మీద ఊరికే గింజుకోలేదు చూశారా?

ఇంటికెళ్ళి ఈ కథ చూద్దామనుకునేవాళ్ళకి ఒక్క మాట. వీలుంటే మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య నిజంగా వారం ఆగండి. ఆగలేరని తెలుసు, కనీసం ఒక రాత్రి ఆగండి. ఆపే ముందు ఆఖరి క్షణాలు పరీక్షగా చూడండి. నీళ్ళ కింద ముఖం మీద బొమ్మ ఆగితే మీ దగ్గరున్నది పూర్తి ప్రతి. ఆగకుండా పేర్లు వచ్చేస్తే కోసిన ప్రతి, దాన్ని పక్కన పెట్టి వేరేది వెతుక్కోండి. ఇక ప్రశ్నలు అడగండి. ఆ నలుగురికి ముందు అవకాశం.